థీమ్ పార్క్ ఒక్కటే చాలా, పక్కనున్న నగరానికీ ఒక రోజు ఇవ్వాలా?

పార్క్ టికెట్లు కొనే వేళకు దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఈ ప్రశ్న వస్తుంది. ఇంత దూరం వెళ్తున్నాం, పక్కనే పారిస్ ఉంది, చూడకుండా ఎలా వస్తాం అని ఒకరు అంటారు. పిల్లలు రైడ్ల కోసం నెలల తరబడి ఎదురుచూస్తున్నారు, ఉన్న నాలుగు రోజులూ పార్క్‌లోనే ఉందాం అని ఇంకొకరు అంటారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది కాబట్టి చాలామంది ఎవరినీ నొప్పించకుండా మూడో దారి పడతారు. పొద్దున పార్క్, మధ్యాహ్నం నగరం, రాత్రి బాణసంచా వేళకు మళ్లీ పార్క్. ఈ మూడింటిలో ఎక్కువ నష్టపెట్టేది ఆ మూడో దారే.

నా సలహా ఇది. నగరానికి ఒక పూర్తి రోజు ఇవ్వగలిగితే తప్పకుండా వెళ్లండి. ఇవ్వలేకపోతే ఈసారికి నిశ్చింతగా వదిలేయండి. పూట లెక్కన చూడగలిగిన నగరాలు కొన్ని ఉన్నాయి, అవి ఏవో కింద చెబుతాను. అసలు నగరం కన్నా దాని చుట్టుపక్కల ప్రాంతమే ఎక్కువ విలువైన చోట్లు కూడా ఉన్నాయి. అందరికీ ఒకే జవాబు సరిపోదు కాబట్టి ఒక్కో ఊరి గురించి విడిగా మాట్లాడుకోవాలి.

ముందు దూరం సంగతి

పార్క్ పేరులో ఉన్న నగరాన్ని చూసి దూరాన్ని అంచనా వేయకండి. టోక్యో డిస్నీల్యాండ్ టోక్యోలో లేదు, పక్కనున్న చిబా ప్రిఫెక్చర్‌లోని (మన రాష్ట్రం లాంటి పాలనా విభాగం) ఉరయాసులో, సముద్రాన్ని పూడ్చి చేసిన నేల మీద ఉంది. డిస్నీల్యాండ్ పారిస్ పారిస్‌కు తూర్పున సుమారు 32 కిలోమీటర్ల దూరంలో మార్న్-లా-వాలే అనే కొత్త పట్టణంలో ఉంది.

దీనికి కారణం భూమి. 1955లో కాలిఫోర్నియాలోని అనాహైమ్‌లో మొదటి డిస్నీల్యాండ్‌ను నారింజ తోటలు కొట్టేసి సుమారు 160 ఎకరాల స్థలంలో కట్టారు. కొద్ది ఏళ్లలోనే హోటళ్లు, దుకాణాలు దాన్ని నలువైపులా చుట్టుముట్టాయి, విస్తరించడానికి చోటు లేకుండా పోయింది. అందుకే ఫ్లోరిడాలో రెండో పార్క్ తలపెట్టినప్పుడు వాల్ట్ డిస్నీ సంస్థ సుమారు 27,000 ఎకరాలు కొనేసింది. అక్కడ లోపలికి వెళ్లినవాళ్లకు బయటి ప్రపంచం కంటపడకూడదన్నదే ఉద్దేశం. అంటే పార్క్‌కూ నగరానికీ మధ్య ఉన్న దూరం చాలా చోట్ల కావాలని పెట్టుకున్నదే. దీనికి పూర్తిగా వ్యతిరేకం కోపెన్‌హాగన్‌లోని టివోలి. 1843లో మొదలైన ఆ పార్క్ ఇప్పటికీ నగరం నడిబొడ్డున, సెంట్రల్ స్టేషన్‌కు ఎదురుగా ఉంది. అక్కడ పార్కా, నగరమా అన్న ప్రశ్నే రాదు. పగలంతా నగరం చూసి, సాయంత్రం దీపాలు వెలిగాక పార్క్‌లోకి నడిచి వెళ్లవచ్చు.

కాబట్టి మ్యాప్‌లో కిలోమీటర్లు చూడకండి. హోటల్ గదిలోంచి బయల్దేరి, నగరంలో మీరు చూడాలనుకున్న చోట నిలబడేదాకా ఎంతసేపు పడుతుందో చూడండి. స్టేషన్‌కు నడక, రైలు కోసం ఎదురుచూపు, మధ్యలో రైలు మారడం, దిగాక మళ్లీ నడక, అన్నీ కలపాలి. అది ఒకవైపు గంట దాటితే పూట ప్రయాణం మానుకోండి. అరగంట లోపైతే మీ చేతిలో చాలా స్వేచ్ఛ ఉన్నట్టే.

సగం పూట ఎందుకు పనికిరాదు

పెద్ద పార్క్‌లలో రోజంతా ఒకే విలువతో గడవదు. గేట్లు తెరిచిన మొదటి గంటన్నర, రెండు గంటల్లో ముఖ్యమైన రైడ్లకు క్యూలు తక్కువగా ఉంటాయి. మళ్లీ చివరి గంటల్లో, జనం పరేడ్‌కో బాణసంచాకో చేరినప్పుడు క్యూలు తగ్గుతాయి. మధ్యాహ్నమంతా రద్దీ. ఇది విన్నవాళ్లకు వెంటనే తట్టే ఆలోచన, రద్దీ వేళ నగరానికి వెళ్లి సాయంత్రం తిరిగొద్దాం అని.

కాగితం మీద బాగానే ఉంటుంది. పారిస్‌నే తీసుకోండి. ఒంటి గంటకు పార్క్‌లో బయల్దేరితే, గేటు దాటి, రైలెక్కి, నగరం మధ్యలో దిగి, చూడాల్సిన చోటికి చేరేసరికి రెండున్నర. తిరిగి ఏడింటికల్లా పార్క్‌లో ఉండాలంటే ఐదున్నరకే వెనక్కి బయల్దేరాలి. చేతిలో మిగిలేది మూడు గంటలు. ఆ మూడు గంటల్లో ఒక మ్యూజియం సరిగ్గా చూడలేరు, నది ఒడ్డున తీరిగ్గా నడవలేరు. పైగా పార్క్‌లో పొద్దున్నుంచి నడిచిన కాళ్లు అవే. ఒక పార్క్ రోజులో పది కిలోమీటర్లు నడవడం మామూలు విషయం. దాని మీద ఇంకో ఐదారు కిలోమీటర్ల నగర నడక పడితే రాత్రి ఎనిమిదింటికి పిల్లలు ఏడుస్తారు, పెద్దలు ఒకరినొకరు విసుక్కుంటారు. అంత ఎదురుచూసిన బాణసంచా చూడకుండానే గదికి పోతారు.

రద్దీ మధ్యాహ్నానికి నగరం కన్నా మంచి మందు విశ్రాంతి. హోటల్ పార్క్‌కు దగ్గరగా ఉంటే వెళ్లి రెండు గంటలు పడుకుని రండి. చాలా పార్క్‌లు అదే రోజు మళ్లీ లోపలికి రానిస్తాయి. బయటికొచ్చే ముందు గేటు దగ్గర ఒకసారి అడిగి, టికెట్ జాగ్రత్తగా ఉంచుకుంటే చాలు.

పారిస్: రెండు రోజులిచ్చినా తప్పులేదు

డిస్నీల్యాండ్ పారిస్‌కు వెళ్లి పారిస్ చూడకుండా రావడం మాత్రం నేను ఎవరికీ సలహా ఇవ్వను, చేతిలో రెండే రోజులుంటే తప్ప. కారణం నగరం గొప్పతనం ఒక్కటే కాదు, రైలు కూడా. పారిస్‌ను శివార్లతో కలిపే ఆర్‌ఈఆర్ ఏ అనే రైలు లైన్ చివరి స్టేషన్ మార్న్-లా-వాలే షెస్సీ. దిగితే పార్క్ గేట్లు నాలుగడుగుల దూరం. అటువైపు ఎక్కితే మధ్యలో ఎక్కడా మారకుండా సుమారు 40 నిమిషాల్లో షాత్లే-లే-ఆల్ చేరుస్తుంది. అక్కడి నుంచి నోత్ర్-దామ్‌కు నడిచి వెళ్లవచ్చు. 2019 ఏప్రిల్ అగ్నిప్రమాదం తర్వాత మూతపడిన ఆ చర్చి 2024 డిసెంబరులో మళ్లీ తెరిచారు. అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్తే షార్ల్ ద గోల్-ఎత్వాల్ స్టేషన్‌లో దిగి ఆర్క్ ద ట్రియోంఫ్ అనే విజయ తోరణం కింద తేలతారు. చిన్నపిల్లల స్ట్రోలర్‌తో ఉన్నవాళ్లకు రైలు మారకుండా వెళ్లగలగడం ఎంత సుఖమో చెప్పక్కర్లేదు.

ఒక్క రోజే ఉంటే ఈఫిల్ టవర్, లూవ్ర్, నోత్ర్-దామ్ మూడూ పెట్టుకోకండి. ఒకటి లోపలికి వెళ్లి చూడండి, మిగతా రెండు బయటి నుంచి చూడండి. సెన్ నది ఒడ్డున నడిస్తే మూడూ ఆ నది పక్కనే కనిపిస్తాయి. లూవ్ర్ మంగళవారం మూసి ఉంటుంది, ఓర్సే మ్యూజియం సోమవారం మూసి ఉంటుంది. కాబట్టి మ్యూజియం ముఖ్యమనుకునేవాళ్లు పార్క్‌ను సోమ, మంగళవారాల్లో పెట్టుకుని, బుధ, గురువారాల్లో నగరానికి వెళ్లడం తెలివైన పని. వారాంతంలో పార్క్‌లో రద్దీ ఎక్కువ కాబట్టి ఈ లెక్క రెండు విధాలా కలిసొస్తుంది.

పార్క్ పక్కన హోటలా, నగరంలో హోటలా? పార్క్‌కు ఒక్క రోజే ఇస్తున్నవాళ్లు పారిస్‌లోనే ఉండండి. పొద్దున్నే రైలెక్కి వెళ్లి, రాత్రి తిరిగి రండి. అయితే బాణసంచా అయ్యాక అందరూ ఒకేసారి స్టేషన్‌కు వస్తారు, చివరి రైలు ఎప్పుడో పొద్దున్నే చూసి పెట్టుకోండి. పార్క్‌కు రెండు, మూడు రోజులిస్తున్నవాళ్లు అక్కడే ఉండి, తర్వాత నగరంలోకి హోటల్ మారడం మేలు. ఆ స్టేషన్‌కే హైస్పీడ్ రైళ్లు కూడా వస్తాయి, షార్ల్ ద గోల్ విమానాశ్రయం నుంచి పది నిమిషాల్లో చేరుకోవచ్చు. అందుకే విమానం దిగి నేరుగా పార్క్‌కు పోయి, చివరి రోజులు పారిస్‌లో గడిపేవాళ్లు చాలామంది.

టోక్యో, ఒసాకా

టోక్యో డిస్నీల్యాండ్ 1983లో, దాని పక్కనే డిస్నీసీ 2001లో మొదలయ్యాయి. డిస్నీసీలో 2024 జూన్‌లో ఫాంటసీ స్ప్రింగ్స్ అనే కొత్త భాగం తెరిచారు. ఈ రెండు పార్క్‌లకు రెండు రోజులు కావాలి, అంతకు తగ్గించడం నాకు ఇష్టం లేదు. మైహామా స్టేషన్ నుంచి కెయో లైన్‌లో టోక్యో స్టేషన్‌కు పావుగంటే. కానీ ఆ లైన్ ప్లాట్‌ఫారాలు టోక్యో స్టేషన్‌లో భూమి లోపల, మిగతా లైన్లకు చాలా దూరంగా ఉంటాయి. మారడానికే పది నిమిషాల పైన నడక పడుతుంది. సామానుతో, పిల్లలతో ఉన్నవాళ్లు ఈ నడకను ముందే లెక్కేసుకోవాలి.

టోక్యో ఇంత పెద్ద నగరం, ఒక్క రోజులో ఏం చూస్తాం అని భయపడేవాళ్లున్నారు. మొత్తం చూడాలనుకోకపోతే చాలు. ఒక ప్రాంతం ఎంచుకోండి. అసాకుసాలో సెన్సోజీ ఆలయం, దాని ముందున్న వీధి, సుమిదా నది ఒడ్డు కలిపి ఒక పూటకు సరిపోతాయి. మిగతా పూట పక్కనున్న ఉఎనో పార్క్‌కు ఇవ్వండి. అక్కడి మ్యూజియంలు ఎక్కువగా సోమవారం మూసి ఉంటాయి. షిబుయా, షింజుకు, అకిహబారా అంటూ మెట్రోలో అటూ ఇటూ పరుగెత్తితే రోజు సొరంగాల్లోనే అయిపోతుంది.

ఒసాకా కథ వేరు. యూనివర్సల్ స్టూడియోస్ జపాన్ నగరంలోనే, ఓడరేవు వైపు ఉంది. యూనివర్సల్ సిటీ స్టేషన్ నుంచి ఒసాకా స్టేషన్‌కు సుమారు పావుగంట. పూట లెక్కన నగరం చూడగలిగిన చోట్లలో ఇది ముందు వరసలో ఉంటుంది. పార్క్ త్వరగా మూసే రోజున సాయంత్రం దోతోన్‌బోరి కాలువ వెంట నడిచి రావచ్చు, దానికి పెద్ద ప్రణాళిక అక్కర్లేదు. హోటల్ ఒసాకా స్టేషన్ దగ్గరో, నంబాలోనో తీసుకోండి. పార్క్ పక్కనే ఉండాల్సినంత అవసరం నాకు కనిపించదు. ఒక్క విషయంలో జాగ్రత్త. పార్క్ లోపల 2021లో తెరిచిన సూపర్ నింటెండో వరల్డ్ అనే భాగంలోకి రద్దీ రోజుల్లో సమయం వేసిన టికెట్ లేకుండా వెళ్లనివ్వరు. ఆ టికెట్ ఏ వేళకు దొరుకుతుందో తెలియకుండా ఆ రోజు సాయంత్రం నగరానికి కార్యక్రమం పెట్టుకోకండి.

ఒసాకా వెళ్లినవాళ్లు ఆలోచించాల్సిన అసలు ప్రశ్న ఒసాకానా, క్యోటోనా అన్నది. స్పెషల్ రాపిడ్ రైల్లో క్యోటో అరగంటే. ఒకే ఒక్క రోజు ఉంటే నేను క్యోటోకే ఓటు వేస్తాను. ఒసాకాను సాయంత్రాల్లో చూడవచ్చు, క్యోటోను చూడలేం. అక్కడి ఆలయాలు చాలావరకు సాయంత్రం ఐదు గంటలకల్లా మూసేస్తారు. ఫుషిమి ఇనారి అనే ఆలయం మాత్రం ఇరవైనాలుగు గంటలూ తెరిచే ఉంటుంది కాబట్టి దాన్ని ఉదయం అందరికన్నా ముందో, చివర్లోనో పెట్టుకోండి.

హాంకాంగ్, సింగపూర్: ఇక్కడ నగరమే అసలు

ఈ రెండు చోట్లా నా మాట తిరగబడుతుంది. ఇక్కడ పార్క్‌కు ఒక రోజు చాలు, మిగతా రోజులు నగరానివే. 2005లో తెరిచిన హాంకాంగ్ డిస్నీల్యాండ్ మిగతా డిస్నీ పార్క్‌లతో పోలిస్తే చిన్నది, క్యూలు కూడా సాధారణంగా తక్కువ. సన్నీ బే స్టేషన్‌లో దిగితే పార్క్ కోసమే వేసిన చిన్న మెట్రో లైన్ ఉంటుంది. ఆ రైలు కిటికీలు మిక్కీ తల ఆకారంలో ఉంటాయి, పిల్లలకు పార్క్ అక్కడే మొదలవుతుంది.

చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. సన్నీ బే ఉన్న తుంగ్ చుంగ్ మెట్రో లైన్‌లో దాని తర్వాతి స్టేషనే తుంగ్ చుంగ్. అక్కడి నుంచి న్గోంగ్ పింగ్ కేబుల్ కార్ 5.7 కిలోమీటర్లు, సుమారు 25 నిమిషాలు కొండల మీదుగా, సముద్రం మీదుగా వెళ్తుంది. పైన 34 మీటర్ల ఎత్తున్న తియాన్ తాన్ బుద్ధ విగ్రహం, దాని దగ్గరికి 268 మెట్లు. పార్క్ దగ్గరి హోటల్లో ఉన్నవాళ్లు నగరం మధ్యకు వెళ్లకుండానే ఒక పూర్తి రోజు గడపగల చోటు ఇది. కేబుల్ కార్‌ను గాలి ఎక్కువైతే ఆపుతారు, మరమ్మతులకూ అప్పుడప్పుడు మూసేస్తారు. బయల్దేరే రోజు పొద్దున చూసుకోండి. నగరంలోకి వెళ్తే ఓడరేవు దాటించే స్టార్ ఫెర్రీ పడవ ఎక్కకుండా రాకండి. 1888 నుంచి నడుస్తున్న పీక్ ట్రామ్ కూడా పిల్లలకు రైడ్ లాంటిదే, ఏటవాలు కొండ ఎక్కేటప్పుడు పక్కనున్న భవనాలు వాలిపోతున్నట్టు కనిపిస్తాయి.

సింగపూర్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. యూనివర్సల్ స్టూడియోస్ సెంటోసా దీవిలో ఉంది, హార్బర్‌ఫ్రంట్ మెట్రో స్టేషన్ పక్కనుంచే దీవికి రైలు. మొత్తం దేశమే ఒక నగరం. పార్క్‌కు ఒక రోజిచ్చి మిగతాది ఊరికి ఇవ్వండి.

ఓర్లాండో: నగరం వద్దు, చుట్టుపక్కల చూడండి

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఓర్లాండో గురించే. వాల్ట్ డిస్నీ వరల్డ్‌లోనే నాలుగు పెద్ద పార్క్‌లున్నాయి: మ్యాజిక్ కింగ్‌డమ్ 1971లో, ఎప్‌కాట్ 1982లో, హాలీవుడ్ స్టూడియోస్ 1989లో, యానిమల్ కింగ్‌డమ్ 1998లో వచ్చాయి. వీటికి తోడు యూనివర్సల్ వాళ్ల పార్క్‌లు, 2025 మేలో తెరిచిన ఎపిక్ యూనివర్స్‌తో సహా. అన్నీ చూడాలనుకుంటే వారం కూడా సరిపోదు. డౌన్‌టౌన్ ఓర్లాండో డిస్నీ వరల్డ్‌కు ఈశాన్యంగా సుమారు 30 కిలోమీటర్లు. పార్క్ నుంచి అక్కడికి పారిస్‌లో ఉన్నట్టు రైలు లేదు. కారు లేనివాళ్లకు ప్రతి కదలికా ట్యాక్సీ ఖర్చే.

పారిస్‌లోనో టోక్యోలోనో చూసినట్టు ఊరు చూడాలని డౌన్‌టౌన్‌కు వెళ్తే నిరాశ తప్పదు. లేక్ ఇయోలా చుట్టూ నడక హాయిగా ఉంటుంది, కానీ ఒక రోజు మొత్తం పెట్టేంత కాదు. అదే కారు ఉండి, ఒక రోజు మిగిలితే మూడు మంచి దారులున్నాయి.

మొదటిది కెనెడీ స్పేస్ సెంటర్. తూర్పుగా సుమారు గంట ప్రయాణం. అంతరిక్షంలోకి 33 సార్లు వెళ్లొచ్చిన అట్లాంటిస్ షటిల్ అక్కడే ఉంది, పడుకోబెట్టిన సాటర్న్-5 రాకెట్ కింద నిలబడి చూడవచ్చు. పదేళ్లు దాటిన పిల్లలు ఎవరైనా ఉంటే, నాలుగు రోజులు పార్క్‌లు చూశాక ఐదో రోజు దీనికి ఇవ్వడం సరైన ఎంపిక అని గట్టిగా చెబుతాను. ఇది కూడా పూర్తి రోజు పట్టేదే.

రెండోది నీటి ఊటలు. వెకివా స్ప్రింగ్స్ స్టేట్ పార్క్‌లో భూమిలోంచి ఊరే నీరు ఏడాది పొడవునా సుమారు 22 డిగ్రీల దగ్గరే ఉంటుంది. క్యూలు, మైకులు, సంగీతం మధ్య మూడు రోజులు గడిపినవాళ్లకు ఆ చల్లటి నీళ్లలో ఒక పూట ఎంత మేలు చేస్తుందో వెళ్లినవాళ్లకే తెలుస్తుంది. వేసవి వారాంతాల్లో లోపల నిండిపోతే గేటు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే వెళ్లాలి. చలికాలంలోనైతే బ్లూ స్ప్రింగ్ స్టేట్ పార్క్‌కు వెళ్లండి, వెచ్చదనం కోసం మనాటీలు (సముద్రపు ఆవులు అనే పెద్ద నీటి జంతువులు) గుంపులుగా ఆ ఊటలోకి వస్తాయి.

మూడోది వింటర్ పార్క్ అనే చిన్న ఊరు. 1938 నుంచి నడుస్తున్న పడవ ప్రయాణం సరస్సుల మీదుగా, ఇరుకు కాలువల గుండా తీసుకెళ్తుంది. మోర్స్ మ్యూజియంలో లూయిస్ కంఫర్ట్ టిఫనీ అనే అమెరికన్ కళాకారుడి రంగు గాజు పనులు చూడవచ్చు. ఇది పెద్దవాళ్లకు నచ్చేది, చిన్నపిల్లలున్నవాళ్లు పడవతో సరిపెట్టుకుంటే చాలు.

కారు లేదు, పిల్లలు ఆరేళ్ల లోపువాళ్లు, ఉన్నది ఐదు రోజులే అంటే ఓర్లాండోలో బయటికెళ్లే ఆలోచన మానేయండి. ఆ మిగిలిన రోజు హోటల్ ఈతకొలను దగ్గర గడపండి. అది వృథా కాదు. ఇంకో లెక్క కూడా ఉంది. డిస్నీ వరల్డ్‌లో ఎక్కువ రోజుల టికెట్ కొన్నకొద్దీ రోజుకు పడే ధర తగ్గుతుంది. నాలుగో రోజో ఐదో రోజో చేర్చడానికి అయ్యే అదనపు ఖర్చునూ, కారు అద్దె, పెట్రోలు, స్పేస్ సెంటర్ టికెట్లనూ పక్కపక్కన రాసి చూడండి. తేడా తక్కువగా ఉంటే మీ మనసు ఎటు లాగితే అటు వెళ్లవచ్చు.

లాస్ ఏంజెలెస్

అనాహైమ్ డిస్నీల్యాండ్ నుంచి లాస్ ఏంజెలెస్ డౌన్‌టౌన్ సుమారు 40 కిలోమీటర్లు. రోడ్డు ఖాళీగా ఉంటే ముప్పావుగంట, లేకపోతే రెండు గంటలైనా ఆశ్చర్యం లేదు. అనాహైమ్ స్టేషన్ నుంచి యూనియన్ స్టేషన్‌కు రైళ్లున్నాయి, కానీ అక్కడ దిగాక మళ్లీ నగరమంతా చెల్లాచెదురుగా ఉంటుంది. గ్రిఫిత్ అబ్జర్వేటరీ ఒక మూల, గెట్టీ సెంటర్ అనే కళా మ్యూజియం ఇంకో మూల, సముద్రం మరో మూల. గ్రిఫిత్, గెట్టీ రెండింటికీ ప్రవేశం ఉచితం, రెండూ సోమవారం మూసి ఉంటాయి. ఒక్క రోజుకు ఒక్క మూల చాలు.

డిస్నీల్యాండ్‌తో పాటు యూనివర్సల్ స్టూడియోస్ హాలీవుడ్ కూడా చూడాలనుకునేవాళ్లకు ఒక సులువు ఉంది. రెండు చోట్లకూ ఒకే హోటల్ నుంచి తిరగకుండా, సగం రోజులు అనాహైమ్‌లో, సగం రోజులు హాలీవుడ్ వైపు ఉండండి. యూనివర్సల్ దగ్గరి మెట్రో స్టేషన్ తర్వాతి స్టేషనే హాలీవుడ్-హైలాండ్, కాబట్టి నగరం చూడటం ఆ రెండో సగంలో తేలికవుతుంది. ఎటూ కాకుండా అనాహైమ్‌లోనే ఉండిపోయేవాళ్లు నగరం వైపు కాకుండా పడమటి తీరానికి, హంటింగ్టన్ బీచ్‌కో న్యూపోర్ట్ బీచ్‌కో వెళ్లడం మంచిది. దూరం సగమే, ట్రాఫిక్ టెన్షన్ కూడా తక్కువే.

ఊరే లేని పార్క్‌లు

జర్మనీలోని యూరోపా-పార్క్ 1975 నుంచి రుస్ట్ అనే చిన్న పల్లెలో ఉంది. అక్కడ చూడటానికి ఊరంటూ ఏమీ లేదు, కానీ రైన్ నదికి అవతల ఫ్రాన్స్‌లో స్ట్రాస్‌బూర్గ్, దక్షిణాన ఫ్రైబుర్గ్ ఉన్నాయి. కారుంటే స్ట్రాస్‌బూర్గ్ ఎంచుకోండి. దాని కెథడ్రల్ శిఖరం 142 మీటర్లు, రెండు శతాబ్దాలకు పైగా ప్రపంచంలోకెల్లా ఎత్తయిన కట్టడంగా నిలిచింది. రైలు మీదే ఆధారపడేవాళ్లకు రింగ్స్‌హైమ్ స్టేషన్ నుంచి ఫ్రైబుర్గ్ తేలిక. స్పెయిన్‌లోని పోర్ట్‌అవెంచురాకు వెళ్లేవాళ్లు అందరూ బార్సిలోనా వైపు చూస్తారు. అది వంద కిలోమీటర్ల దూరం. పది కిలోమీటర్ల దూరంలో తారాగోనా ఉంది, సముద్రం అంచున రోమన్ల కాలపు యాంఫీథియేటర్‌తో. పార్క్ రోజుల మధ్య ఒక పూటకు అది చక్కగా సరిపోతుంది, బార్సిలోనాను ప్రయాణం మొదట్లోనో చివర్లోనో విడిగా పెట్టుకోండి.

నగరం ముందా, పార్క్ ముందా

పైన పారిస్‌కు చెప్పినట్టు మ్యూజియం సెలవులో, విమానాశ్రయం నుంచి వచ్చే రైలో వేరే దారి చూపకపోతే, నా ఓటు నగరం ముందుకే. పార్క్ టికెట్ల మీద ఇప్పుడు చాలా చోట్ల తేదీ ఉంటుంది. విమానం ఆలస్యమైతే, సామాను రాకపోతే, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే ఆ తేదీ పోయినట్టే. నగరంలో వీధులు, నది ఒడ్డు, పార్కులు ఎక్కడికీ పోవు. దిగిన రోజు వాటితో మొదలుపెడితే నష్టపోయేది ఏమీ ఉండదు. ఇంకో కారణం పిల్లల మనసు. పార్క్ అయిపోయాక నగరానికి తీసుకెళ్తే, ఎంత గొప్ప కట్టడం ముందు నిలబెట్టినా వాళ్ల ఆలోచన నిన్నటి రైడ్ మీదే ఉంటుంది. ముందే నగరం చూపిస్తే, రేపు పార్క్ ఉందన్న ఉత్సాహంతో ఇవాళ బాగా నడుస్తారు.

జెట్ లాగ్‌ను కూడా ఇందులో కలపాలి. పడమర వైపు బాగా దూరం ఎగిరి వచ్చినవాళ్లకు మొదటి రోజుల్లో తెల్లవారుజామునే మెలకువ వచ్చేస్తుంది, సాయంత్రం నిద్ర ముంచుకొస్తుంది. వాళ్లకు పార్క్ గేటు తెరిచే వేళకు చేరడం సులువు, కానీ బాణసంచా దాకా మేల్కొనడం కష్టం. తూర్పు వైపు ఎగిరినవాళ్లకు పొద్దున లేవడమే కష్టం, కాబట్టి మొదటి రోజు పదకొండింటికి తీరిగ్గా బయల్దేరి నగరం చూడటం నయం. ఫ్లోరిడాలో వేసవిలో వెళ్లేవాళ్లు మధ్యాహ్నం ఉరుముల వానలను కూడా లెక్కలో పెట్టుకోవాలి. పిడుగుల సూచన ఉంటే బయటి రైడ్లు ఆపేస్తారు.

ఎవరితో వెళ్తున్నారు

ఎత్తు కొలతలు చాలామంది పట్టించుకోరు. పారిస్, టోక్యో డిస్నీల్యాండ్‌లలోని బిగ్ థండర్ మౌంటెన్ లాంటి ఓ మోస్తరు రోలర్ కోస్టర్‌కే పిల్లల ఎత్తు 102 సెంటీమీటర్లు ఉండాలి, పెద్ద రోలర్ కోస్టర్లకు ఇంకా ఎక్కువ. మీ పిల్లలు ఆ గీతకు కిందే ఉంటే ప్రతి పార్క్‌లోనూ వాళ్లు ఎక్కగలిగేవి సగమే. అలాంటప్పుడు రెండో పార్క్ రోజు తగ్గించి నగరంలో జంతు ప్రదర్శనశాలకో, అక్వేరియంకో ఇవ్వడం న్యాయం. అదే టీనేజీ పిల్లలైతే పార్క్ రోజులు పెంచమంటారు, పెంచండి. బదులుగా ఒక రోజు నగరంలో ఏం చూడాలో వాళ్లనే నిర్ణయించమనండి. వాళ్లు ఎంచుకున్న చోటికైతే గొణగకుండా వస్తారు.

పెద్దవయసు తల్లిదండ్రులు వెంట ఉంటే అందరూ అన్ని రోజులూ కలిసే తిరగాలన్న పట్టుదల వదిలేయండి. పార్క్‌లో పెద్దవాళ్లు బెంచీ మీద బ్యాగులు పట్టుకుని ఐదు గంటలు కూర్చోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. వాళ్ల పేరున కొన్న టికెట్‌కు అర్థం లేదు, వాళ్ల రోజుకూ అర్థం లేదు. పార్క్‌కు ఒక రోజు అందరూ కలిసి వెళ్లండి. రెండో రోజు పిల్లలతో ఒకరు పార్క్‌లో ఉంటే, ఇంకొకరు పెద్దవాళ్లను నగరంలో పడవ ప్రయాణానికో, మ్యూజియానికో తీసుకెళ్లవచ్చు. ఒసాకా, హాంకాంగ్, పారిస్ లాంటి చోట్ల రైళ్లు సులువు కాబట్టి ఇది హాయిగా కుదురుతుంది. ఇలా అనుకుంటే పార్క్ టికెట్లు కొనకముందే ఎవరు ఏ రోజు ఎక్కడుంటారో రాసుకోండి. అందరికీ ఒకే రకం మూడు రోజుల టికెట్లు కొన్నాక మార్చుకోవడం చాలా చోట్ల కష్టం.